మిగులు చరణం

వరిగడ్డి భగ్గున లేచి వెంటనే పడిపోయింది, ఇంకో పిడికెడు వేశాను, దమ్మడిని బోర్లించి మంటకు జానెడు ఎత్తున పట్టుకున్నాను. తోలు ఇంకా మెత్తగానే ఉంది, వేలితో తడితే బొద్దుమంటోంది, నిద్రలో ఉన్నవాణ్ణి పిలిస్తే ఊఁ అన్నట్టు. గడ్డివామికి అవతల జనం కూర్చుంటున్న చప్పుడు వినపడుతోంది, బొంతలు పరుస్తున్నారు, ఎవరో తాళాలు ఒకసారి తాటించి చూసుకుని ఊరుకున్నారు. ఎండ వామి మీది నుంచి మెల్లగా జారుతోంది. సూగప్ప పోయి ఏడాది అయింది. ఇవాళ అతని పేరు మీద కూటం, మా పొలంలోనే, మా కళ్లంలోనే, అతను వీపు ఆనించి కూర్చునే ఈ వామి నీడలోనే పెట్టుకున్నారు. గిల్లేసూగూరు వాళ్లు వచ్చారు, చంద్రబండ నుంచి అతని శిష్యుడు అమరేశప్ప తంబూర వీపున వేసుకుని వచ్చాడు, కాలువ నీళ్ల కోసం ఆంధ్ర నుంచి వచ్చి దిగిన మా క్యాంపు వాళ్లు ఎటూ ఉన్నారు. పాటలన్నీ వాళ్లు పాడతారు. మొదటి చరణం మాత్రం నాది. నేను పాడితేగాని ఇంకెవరూ నోరు తెరవకూడదు. ఈ సంగతి అందరికీ తెలుసు, అందుకే అందరూ నెమ్మదిగా ఉన్నారు, దమ్మడి కాగాలి గదా, కాగనియ్యండి అంటున్నారు. దమ్మడి కాగేదాకా నన్ను ఎవరూ పిలవరు. గడ్డి వేసే చెయ్యి నాదే కాబట్టి పిడికిళ్లు చిన్నవి చేశాను.

సూగప్ప కూటానికి ఒక పద్ధతి ఉంది. లేవబోయే ముందు పాడే పాటను పూర్తి చేయరు, చివరి చరణం మిగులుస్తారు. మళ్లీ కూర్చున్నప్పుడు ఆ మిగులుతోనే మొదలు. ఈలోగా దాన్ని ఎవరూ నోట అనకూడదు, గొర్రెల వెంట ఒంటరిగా పోతున్నా కూనిరాగం తీయకూడదు. ఇక్కడి ఆడవాళ్లు జొన్నల గంపను అడుగు కనపడేదాకా వంచరు, నాలుగు గింజలు ఉంచుతారు, అలాంటిదే ఇది. మా పల్నాడు వైపు భజనంటే మంగళం పాడి హారతిచ్చి పంగనామాలు తుడుచుకుని లేచిపోవడమే, మొదటిసారి వీళ్లు పాట మధ్యలో తాళాలు మూటగట్టుకుని లేస్తుంటే, ఎవరికో ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. ఇదేంటయ్యా అని అడగాలనుకున్నాను గాని అడగలేదు. నా సంగతి అంతే. సూగప్ప నా మొహం చూసి తనే చెప్పాడు. “పాట ఖతమైతే కూటం ఖతం, యలమందన్నా. ఇంత మిగిలి ఉంటెనే గద మల్ల కూసుండేది.”

అతను మొదట వచ్చింది పాటకు కాదు, మంద కట్టడానికి. కాలువ నీళ్లు మా దాకా వచ్చిన కొత్తలో నల్లరేగడికి ఎరువు కావాలి, అతనికి గొర్రెలు ఉన్నాయి, రాత్రుళ్లు మా మళ్లలో మంద నిలిపేవాడు, పొద్దున లేచేసరికి పొలమంతా పెంటికలు, గొర్రెల వాసన, అతని కంబళి మీద మంచు. కంబళి లోపల, పాలు తాగే పిల్లను పెట్టుకున్నట్టు, ఈ దమ్మడి. తన మందలోని మేకతోలే, తనే బిగించాడు. ఒక సాయంత్రం కొట్టబోతే పలకలేదు. పక్క మళ్లల్లో నిండా నీళ్లు, గాలంతా చెమ్మ, తోలు చెమ్మ పీల్చి చెవిటిదైంది. కాలువ రాకముందు వానాకాలంలో తప్ప దీన్ని కాచే పనే ఉండేది కాదట, ఎండకే ఖంగుమనేదట. సూగప్ప దాన్ని నా ఒళ్లో పెట్టాడు. నీళ్లను తెచ్చింది మీరు, తోలు మెత్తబడింది మీ వల్ల, కాచే పని నీదే అన్నాడు. నేను వరిగడ్డి అంటించాను. మంట లేచిన తీరు చూసి నవ్వాడు, జొన్నసొప్ప అయితే నిలిచి కాలుతుందట, ఈ గడ్డి మీ ఆంధ్రోళ్ల లెక్కనే, భగ్గుమంటది, అంతల్నే చల్లగైతది అన్నాడు. నేను ఇంకో పిడికెడు వేశాను. అప్పటి నుంచి కాచేది నేనే. వాయించేది కూడా నేనే, నా చేతికి దరువు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు, నోటికి రానిది చేతికి వచ్చిందేమో. అతను తంబూర మీటుతూ పాడేవాడు, తెలుగులో పాడేవాడు, కన్నడంలో పాడేవాడు, పీర్ల పండక్కి ఉర్దూలో కూడా పాడేవాడు, నేను పక్కన కూర్చుని కొట్టేవాణ్ణి. ఏ భాషలో పాడినా దరువు ఒకటే, అందుకని నాకు ఇబ్బంది లేకపోయింది.

తోలు కొంచెం బిగిసింది. బొద్దు పోయి బోలు వచ్చింది. ఇంకా ఉంది.

పులిహోర వాసన వస్తోంది, తులసమ్మ గంగాళం దించినట్టుంది. పొద్దుటి నుంచి ఎవరితోనో ఒకరితో మాట్లాడుతూనే ఉంది, నా ఇంటామె, మా ఇద్దరి మాటలూ దేవుడు ఆమెకే ఇచ్చేశాడు. ఇవాళ గిల్లేసూగూరు ఆడవాళ్లకు చెబుతోంది, విన్నాను, పెళ్లయిన కొత్తలో ఈయనకు నోరు లేదేమోనని మా అమ్మ కోటప్పకొండకు మొక్కుకుంది, ఇప్పటికీ తీర్చలేదు, ఇవాళ పాడాడంటే తిరునాళ్లకు ప్రభ కట్టించాలి అంటోంది. వాళ్లు నవ్వుతున్నారు. నవ్వనీ. నేను మూడో తరగతి దాకా చదివాను. పంతులు పద్యం అప్పజెప్పమంటే లేచి నిలబడి ఆయన మొహం వైపు చూసేవాణ్ణి. పద్యం లోపల మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఉండేది, బావిలో బిందె ఉన్నట్టు, తాడు అందేది కాదు. ఆయన కొట్టేవాడు కాదు, పాపం, కూర్చోమనేవాడు, నేను కూర్చునేవాణ్ణి. నాలుగో తరగతికి పోలేదు, ఎద్దులు నన్ను అప్పజెప్పమని అడగలేదు. ఎద్దులతో, మడక కర్రుతో, నీళ్లతో ఇన్నేళ్లు బాగానే గడిచింది. ఈ ఊళ్లో మమ్మల్ని మొదట్లో నీళ్ల వెనక వచ్చిన వాళ్లుగా చూశారు, తప్పేముంది, నీళ్ల వెనకనే వచ్చాం. వెనక వచ్చినవాడు ముందు మాట్లాడకపోవడం మంచిదే అనిపించేది నాకు.

ఆ చివరి సాయంత్రం సూగప్ప ఒక్కడే వచ్చాడు. నూర్పిళ్లు అయిపోయాయి, మంద కొయ్యకాలు మేస్తోంది, అమరేశప్ప వాళ్లు ఎవరూ లేరు. దగ్గుతున్నాడు. తులసమ్మ మిరియాల కషాయం ఇస్తే ఇది మందా, మంటా అని తాగాడు. కొత్త పాట కట్టిన, విను అన్నాడు. నేను దమ్మడి కాచాను, ఇక్కడే, ఈ బూడిద కిందే ఆ బూడిద ఉండి ఉంటుంది. కాలువ మీద పాట అది.

అడగదమ్మా నీరు ఎవ్వారి చేనంటు
పల్లమెటు ఉంటెనో అటె పారునమ్మా

మొదటి చరణంలో మబ్బు ఉంది, రెండో చరణంలో ఆనకట్ట దగ్గర రాళ్లు మోసిన ఆడవాళ్లు ఉన్నారు, మూడోది ఇట్లా ముగిసింది.

తుంగమ్మ ఒకదిక్కు భద్రమ్మ ఒకదిక్కు
కలిసినంక పేరేది వేరుజేతువమ్మా

అని పాడి నా వైపు చూశాడు, చూసి ఆపేశాడు. పద్ధతే గదా, మిగులు పెట్టాడు అనుకున్నాను, దరువు ఆపాను. అతను తంబూరకు గుడ్డ చుట్టుకుంటూ నవ్వుతున్నాడు. నాలుగోది లేదన్నాడు. కట్టలేదన్నాడు. తనకు తెలిసినంత వరకు నీళ్లు వచ్చేదే తెలుసట, వచ్చినంక ఏమైతదో పొలం చేసేవాడికి తెలుస్తుందట. “నాల్గోది నువ్వు కట్టు, అన్నా. నీ నోట్ల ముత్యాలేం రాలిపోవు.” ఇంటికి పోయి భార్య మారెవ్వతో మాత్రం మిగులు యలమందన్న దగ్గర పెట్టొచ్చిన అని చెప్పాడు. అంతే చెప్పాడు. ఆ వారం తిరగకముందే దగ్గు ఛాతీకి దిగి పోయాడు. గిల్లేసూగూరులో అతన్ని కూర్చోబెట్టి పూలేసి పాడుతూ తీసుకుపోయారు, నేను కొట్టుకుంటూ నడిచాను, ఆ రోజు దమ్మడిని కాచినట్టు గుర్తు లేదు, ఎలా పలికిందో మరి.

అందుకని అందరూ అనుకునేదేమిటంటే, సూగప్ప కట్టిన ఆఖరి చరణం ఒకటి నా దగ్గర భద్రంగా ఉందని. పద్ధతి ప్రకారం నేను నోట అనకూడదు, అనలేదు, ఎంత నమ్మకస్తుడో చూడండి అని మెచ్చుకున్నారు కూడా. లేని దాన్ని దాచుకోవడం నాకు కష్టం కాలేదు.

కష్టమైంది కట్టడం. ఈ ఏడంతా కట్టాను. ఎవరికీ తెలియదు, తులసమ్మకు కూడా తెలియదు. తూము దగ్గర నీళ్లు మళ్లిస్తూ, పార భుజాన వేసుకుని గట్ల మీద తిరుగుతూ, ఎద్దులను కడుగుతూ, ఒక్కో మాట పెట్టేవాణ్ణి, తీసేవాణ్ణి, నారు పీకి మళ్లీ నాటినట్టు. నాట్లప్పుడు ఒక వరస కుదిరింది. కలుపులప్పుడు రెండోది. మూడోది వరి వెన్ను తీసేటప్పుడు వచ్చింది, వచ్చినప్పుడు గట్టు మీదే కూర్చుండిపోయాను, పక్క పొలం హనుమయ్య చూసి ఏం బావా, ఎండదెబ్బా అని పరిగెత్తుకొచ్చాడు. కాదని తల ఊపాను. నాలుగోది రాలేదు. కోతలయ్యాయి, నూర్పిళ్లయ్యాయి, రాలేదు. మూడు కాళ్ల మంచం మీద ఎవరు పడుకుంటారు. పైగా ఉన్న మూడు వరసలూ నావి, అతనివి కావు. అతనివే అని పాడితే అబద్ధం అవుతుంది. నావి అని చెప్పాలంటే, పాడటమే గాక ముందు నలుగురిలో లేచి మాట్లాడాలి కూడా.

అమరేశప్ప వామి పక్క నుంచి తొంగి చూశాడు. కాలేదని చెయ్యి చూపించాను. అతను దమ్మడి వైపు, నా వైపు చూసి, తొందరేం లేదులే అన్నాడు గాని తోలు రంగు చూసే ఉంటాడు. తోలు పసుపుపచ్చ తిరిగింది. వేలితో తట్టాను. కణ్ అంది. అయిపోయింది, నిజానికి ఇంక చాలు. ఇంకో పిడికెడు వేశాను.

మారెవ్వ వచ్చి మంట అవతల కూర్చుంది. జొన్నరొట్టెల మూట తెచ్చింది, మూట విప్పకుండా ఒళ్లో పెట్టుకుంది. సూగప్ప ఉన్నప్పుడు కూటంలో ముందు వరసలో కూర్చునేది కాదు, వెనక ఎక్కడో ఉండి, మొగుడు ఏ మాట తప్పినా ఇంటికి పోయాక చెప్పేదట, అతనే చెప్పి నవ్వేవాడు, రాయచూరు కచేరీలో వకీలు కూడా గిట్ల పట్టడు అనేవాడు. ఆమె చేతులు మంటకు చాపింది. సన్నబడింది. మంద ఎవరు చూస్తున్నారని అడగాలి. తమ్ముడి కొడుకు చూస్తున్నాడని ఆమే చెప్పింది, రెండు ఈనాయని చెప్పింది, సూగప్ప పెట్టిన పేర్లకే అవి పలుకుతాయని, కొత్త పేర్లు పెడితే చెవి కూడా తిప్పవని చెప్పింది. నేను గడ్డి వేశాను. అప్పుడు అంది. “ఆయన పాటలు అన్ని విన్న నేను, అన్నా. ఒక్కటి తప్ప. ఏడాది సంది దాని కోసమే చూస్తున్న.”

నాకు ఆ పొగ కళ్లలోకి వచ్చినట్టయింది. చెప్పవలసింది అప్పుడే. ఏమీ లేదమ్మా, అతను కట్టలేదు, నువ్వు విననిదంటూ ఏదీ మిగల్లేదు. నోటిదాకా వచ్చింది, బావిలో బిందె మాదిరే ఆగింది. ఆమె నా మొహం చూస్తోంది. కూటం ఇక్కడితో ఆగిపోతుందా, మిగులు లేకపోతే ఇంక దేనితో మొదలుపెడతారు, అమరేశప్ప చంద్రబండకు పోతాడు, వీళ్లు గిల్లేసూగూరుకు పోతారు, ఈ దమ్మడి మా ఇంట్లో మేకుకు వేలాడుతుంది, నా వల్ల, నాలుగు మాటలు పేర్చలేక. సరిగ్గా అప్పుడు వెంట్రుక కాలిన వాసన వచ్చింది. చప్పున లాగాను. అంచున గోరంత మేర కమిలింది, ఇంకొంచెం ఉంటే పగిలేది. మారెవ్వ చెయ్యి చాపి ఆ కమిలిన చోట బొటనవేలితో రాసింది, పిల్లవాడి మోకాలు గీసుకుపోతే రాసినట్టు, తర్వాత లేచి నిలబడింది. పోదామా అన్నట్టు.

కాచడం అయిపోయింది. ఇంక దాక్కోవడానికి మంట లేదు. దమ్మడిని ఛాతీకి ఆనించుకున్నాను, వేడిగా ఉంది, చొక్కాలోంచి లోపలికి దిగుతోంది. వామి చుట్టూ తిరిగి కళ్లంలోకి పోవాలంటే పంటబోదె దాటాలి. నీళ్లు కట్టేసి చాలా రోజులైంది, బోదె ఎండిందనుకున్నాను, కాలు వేస్తే మెత్తగా దిగింది. చల్లగా ఉంది. పైన నెర్రెలు, లోపల ఇంకా తడి. నీళ్లు ఎప్పుడో పోయాయి, ఎవరి పొలానికి పోయాయో, మన్ను మాత్రం ఆ తడిని అట్లాగే పట్టుకుని ఉంది. నేను ఆ బోదెలో ఒక కాలు పెట్టి నిలబడ్డాను. వెనక మారెవ్వ ఆగింది. ఎంతసేపు నిలబడ్డానో. నాలుగో వరస కాలి కింద ఉంది, ఏడాది నుంచి అక్కడే ఉంది, నేను పైపైన వెతికాను.

కళ్లంలో కూర్చున్నాను. అమరేశప్ప తంబూర శ్రుతి చేసి నా వైపు చూశాడు. మధ్యలో బొంత మీద సూగప్ప కంబళి మడతపెట్టి ఉంది, దాని మీద బంతిపూలు. అందరూ చూస్తున్నారు. తులసమ్మ గరిటె పట్టుకుని నిలబడిపోయింది. చెప్పాలనుకున్నది రాలేదు. దరువు వేశాను. దరువు నడుస్తోంది, నాలుగు చుట్లు తిరిగింది, ఐదో చుట్టుకు నా నోరు తెరుచుకుంది, ఆ గొంతు నాదేనా అని నాకే అనుమానం, తలుపు కిర్రుమన్నట్టు ఉంది.

గట్టేసి ఆపితిని గడియసేపు నీళ్లు
మడి నిండినాక నా మాటినక పోయె
పోయిన నీళ్లెంట పోలేక నేను
తడిసిన మన్నల్లె తలుచుకుంటున్నా

దరువు ఆపేశాను. అమరేశప్ప పల్లవి అందుకోవాలి, అందుకోలేదు, మారెవ్వ వైపు చూస్తున్నాడు. ఆమె ఈసారి ముందు వరసలో కూర్చుంది. పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. కాదు.

“ఇది మా ఇంటాయనది గాదు,” అంది. “గొర్లు గాసెటోడు గట్టెప్పుడేసె? గట్లేసేది మీ క్యాంపోళ్లు.”

కన్నడం వాళ్లకు ఎవరో చెబుతున్నారు, వెనక ఒకరిద్దరు నవ్వారు. నేను తల ఊపాను. అవునని ఊపాను. ఆమె అంతటితో వదలలేదు, వకీలు గదా, ఆయన కట్టిందేదని అడిగింది. “నన్నే కట్టమన్నాడు,” అన్నాను. రెండు మాటలు, ఒకదాని వెనక ఒకటి, తాడు అందినట్టే వచ్చాయి. మారెవ్వ కంబళి వైపు చూసింది, అతను ఇంటికి ఆలస్యంగా వచ్చినప్పుడు చూసే చూపు కాబోలు అది. పనులన్నీ ఇట్లనే ఒకరి మీద వేసి పోతాడు అంది, మెల్లగా, కంబళికే చెప్పింది. తర్వాత అమరేశప్ప వైపు తిరిగి, కూసున్నవేంది, అందుకో అంది.

అమరేశప్ప అందుకున్నాడు. నా వరసలు అతని గొంతులో పడి వేరేగా అయ్యాయి, మడి అన్నచోట సాగదీశాడు, మన్ను అన్నచోట దిగాడు, నేను ఎక్కడ తడబడ్డానో అక్కడే అతను నిలబడి చూపించాడు. మిగతావాళ్లు తిరిగి అన్నారు. గిల్లేసూగూరు వాళ్లు అన్నారు, మా హనుమయ్య అన్నాడు, కన్నడం వాళ్లు అర్థమైనా కాకపోయినా దరువును బట్టి అన్నారు. నేను నోరు మూసుకుని కొట్టాను. దమ్మడి ఖంగుమంటోంది. ఇన్నేళ్లలో ఇంత బాగా ఎప్పుడూ కాగలేదు.

ఆపైన పాటలు పోతూనే ఉన్నాయి. పొద్దు వామి వెనక్కి పోయింది, ఆడవాళ్లు లేచి రొట్టెలు విప్పారు, జొన్నరొట్టెలో పులిహోర పెట్టుకుని చుట్టి తింటుంటే తులసమ్మ మొదట ముక్కున వేలేసుకుని తర్వాత తనూ ఒకటి చుట్టుకుంది. దీపాల వేళ దగ్గరపడింది. చెమ్మ దిగుతోంది, దమ్మడి గొంతు మళ్లీ తగ్గుతోంది, లేవాలని అది కూడా చెబుతోంది. చివరగా సూగప్ప పాత పాట ఒకటి, గొర్రెపిల్ల తప్పిపోయిన పాట, అందరికీ వచ్చిందే, అమరేశప్ప ఎత్తుకుని చివరి చరణం దగ్గర ఆపాడు. ఆ చరణంలో గొర్రెపిల్ల దొరుకుతుంది. వచ్చే ఏడు దాకా అది దొరకదు. మిగులు ఎవరి దగ్గర పెట్టాలని అడిగాడు. తనకే ఇమ్మంటాడనుకున్నాను, శిష్యుడు, తంబూర అతనిది. మారెవ్వ ఆలోచించలేదు.

“యలమందన్న దగ్గరనే ఉండనీ,” అంది. “ఆ నోట్లకెళ్లి బయటికి పోదు.”

అందరూ నవ్వారు, నేనూ నవ్వినట్టున్నాను. బండ్లు కట్టుకున్నారు. ఎడ్ల గంటలు కాలువ గట్టు వెంట దూరమయ్యాయి. దమ్మడిని చొక్కా లోపల పెట్టుకుని ఇంటికి నడుస్తుంటే పక్కన తులసమ్మ గంగాళం చంకన పెట్టుకుని వస్తోంది, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, ఇది కొత్త. బోదె దాటాక అడిగింది, పిల్ల ఎక్కడ దొరుకుతుందో ఆ చరణం ఒక్కసారి అనవయ్యా, ఎవరూ లేరుగా, అంది. నేను నడుస్తున్నాను. మొక్కు సంగతి గుర్తు చేసింది. ప్రభ కట్టిద్దాంలే అన్నాను. చరణం మాత్రం అనలేదు.